రెండో యూనిట్లో విశ్వం

2023లో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి వారు ఒక మహత్కార్యం చేశారు. విశ్వాన్ని రెండో యూనిట్లో సర్దేశారు.

నవ్వకండి, నిజమే. 2023-24లో డిగ్రీని 'సింగిల్ మేజర్' పద్ధతిలోకి మార్చినప్పుడు, లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీల్లో ఏది మేజరుగా పెట్టుకున్నా సరే, మొదటి సెమిస్టర్లో అందరూ ఒకటే పేపరు చదవాలన్నారు. దాని పేరు 'ఎసెన్షియల్స్ అండ్ అప్లికేషన్స్ ఆఫ్ మేథమేటికల్, ఫిజికల్ అండ్ కెమికల్ సైన్సెస్'. ఈ పేరు తప్పుల్లేకుండా రాసిన పిల్లవాడికి అక్కడికక్కడే రెండు మార్కులు వేసేయొచ్చు. మొదటి యూనిట్ లెక్కలు. రెండోది ఫిజిక్సు. అసలు భౌతికశాస్త్రమంటే ఏమిటి అన్న దగ్గర మొదలవుతుంది. కొలతలు, చలనం, ఉష్ణగతిక నియమాలు, ధ్వని తరంగాలు, విద్యుత్తు, అయస్కాంతత్వం, పరమాణువు, దాని లోపలి కేంద్రకం, కణ తరంగ ద్వంద్వ స్వభావం, అనిశ్చితత్వ సూత్రం అన్నిటినీ దాటుకుంటూ పోయి, విశ్వం గురించిన సిద్ధాంతాల దగ్గర ఊపిరి తీసుకుంటుంది. ఇదంతా ఒక్క యూనిట్. అక్కడ ఎక్కువసేపు కూర్చోడానికి వీల్లేదు, మూడో యూనిట్లో కెమిస్ట్రీ కాచుకుని ఉంది. ఐదో యూనిట్లో కంప్యూటర్లు, రహస్య సంకేతాల శాస్త్రంతో సహా.

మన పల్నాడు జిల్లా రెంటచింతల కుర్రాడికి ఉష్ణం గురించి ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఎండాకాలం వస్తే రాష్ట్రంలో ఎండల వార్త వాళ్ల ఊరి పేరుతోనే మొదలవుతుంది. అనిశ్చితత్వ సూత్రం కూడా పల్నాడు పిల్లలకు సులువుగానే పట్టుబడుతుంది. గెస్టు లెక్చరరు గారు ఇవాళ ఏ కాలేజీలో ఉన్నారో తెలిస్తే మన క్లాసుకి ఎప్పుడొస్తారో తెలియదు. ఎప్పుడొస్తారో తెలిస్తే, అది ఏ కాలేజీకో తెలియదు. ద్వంద్వ స్వభావమా? అదింకా తేలిక. ఒకే విద్యార్థి ఒకే ఉదయం పది గంటలకి నరసరావుపేటలోని కాలేజీ హాజరుపట్టీలోనూ ఉంటాడు, కూకట్‌పల్లి సెల్‌ఫోన్ల కొట్లోనూ ఉంటాడు. ఇది ప్రయోగంతో రుజువైంది. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చి చూసిన రోజున మాత్రం కొట్లోంచి మాయమై కాలేజీలో తేలతాడు.

అదే సెమిస్టర్లో రెండో పేపరు ఉంది. 'అడ్వాన్సెస్ ఇన్ మేథమేటికల్, ఫిజికల్ అండ్ కెమికల్ సైన్సెస్'. నానో టెక్నాలజీ, క్వాంటమ్ కమ్యూనికేషన్, మెడికల్ ఫిజిక్సు. అవసరమైనదీ, అధునాతనమైనదీ ఒకేసారి, ఒకే టైంటేబుల్లో. పొద్దున వెక్టరంటే ఏమిటో తెలుసుకున్నవాడు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి క్వాంటమ్ డాట్ దగ్గర కూర్చుంటాడు. పునాది గుంట తీస్తున్న రోజునే పై అంతస్తుకి సెంట్రింగ్ కొట్టినట్టు. మాచర్లలో ఏ మేస్త్రీ అయినా ఈ పని చేస్తే ఇంటాయన తాపీ లాక్కుని పంపించేస్తాడు. చదువులో చేస్తే సంస్కరణ అంటారు.

జీవశాస్త్రాల వాళ్లు కుళ్లుకోనక్కర్లేదు, వాళ్లకీ 'క్లాసికల్ బయాలజీ', 'అప్లైడ్ బయాలజీ' అని రెండు పరిచయాలున్నాయి. వృక్షశాస్త్రం సారం ఒక యూనిట్, జంతుశాస్త్రం సారం ఒక యూనిట్, కణం, జన్యువు, పరిణామం కలిపి ఇంకో యూనిట్. డార్విన్ గారికి అన్నేళ్లు పట్టింది గానీ, ఇక్కడ యూనిట్‌లో మూడో వంతు చాలు.

ఆర్ట్స్ పిల్లలకి 'ఫండమెంటల్స్ ఆఫ్ సోషల్ సైన్సెస్', 'పర్‌స్పెక్టివ్స్ ఆన్ ఇండియన్ సొసైటీ'. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం, సమాజం, చివర్లో ఇక్కడా కంప్యూటరు. కులం అంటే ఏమిటి, సంఘసంస్కరణ అంటే ఏమిటి అని నిర్వచనాలు బట్టీ పట్టాలి. బట్టీ పట్టే కుర్రాడి ఊరు కారంపూడి అనుకోండి. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని ఇప్పటికీ వాళ్ల ఊళ్లో చాపకూడు పెడతారు. కార్తీక అమావాస్యకి మొదలుపెట్టి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీర విద్యావంతులు రాత్రంతా కథ గానం చేస్తారు. వంశాలవారీగా నోటి నుంచి నోటికి వచ్చిన ఆ కథలో రాజకీయం ఉంది, ఆస్తి తగాదా ఉంది, కులం ఉంది, ఒక ఆడమనిషి మంత్రిగా రాజ్యం నడిపిన సంగతీ ఉంది. సోషల్ సైన్సెస్ ఫండమెంటల్స్ అన్నీ ఉన్నాయి. కాకపోతే ఆ ఐదు రోజులూ మనవాడికి ఇంటర్నల్ పరీక్షలు. గదిలో తలుపేసుకుని 'సామాజిక స్తరీకరణ లక్షణాలు' చదువుతుంటాడు. వీధిలోంచి డప్పు మోత వస్తోందని కిటికీ కూడా మూస్తాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పరిచయ కోర్సు అనే ఆలోచన చెడ్డది కాదు. లెక్కల పిల్లవాడికి రసాయనం రుచి చూపించాలి, చరిత్ర పిల్లవాడికి రూపాయి ఎలా నడుస్తుందో చెప్పాలి. ఇంటర్లో కార్పొరేటు కాలేజీల పుణ్యమా అని ఎంసెట్ బిట్లు తప్ప మరో లోకం చూడనివాళ్లకి ఇది మరీ అవసరం. మంచి పరిచయ కోర్సు చెప్పడం పెద్ద క్లాసు చెప్పడంకన్నా కష్టం, దానికి కాలేజీలోకెల్లా బాగా తెలిసినవాణ్ణి పెట్టాలి. మనం ఎవరిని పెడతాం? ఖాళీగా ఉన్నవాణ్ణి. మూడు శాస్త్రాలూ కలిసిన పేపరు ఎవరు చెప్పాలో తేలక, ఫిజిక్సాయన కెమిస్ట్రీ యూనిట్ వదిలేసి, కెమిస్ట్రీ ఆవిడ ఫిజిక్సు యూనిట్ వదిలేసి, చివరికి కంప్యూటరు యూనిట్ ఒక్కటే పూర్తయిన కాలేజీలు లేకపోలేదు. అదీ 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిషు మీడియమే కాబట్టి, పాఠం పూర్తయిందా లేదా అన్నది కూడా పిల్లలకి వెంటనే తెలియదు.

పైగా సిలబసు ఒక చోట నిలబడితేగా. 2015లో సీబీసీఎస్ అనే క్రెడిట్ల పద్ధతి వచ్చింది. 2020లో దాన్ని సవరించారు. 2023లో సింగిల్ మేజర్. ఒక పేపరు తప్పినవాడు సప్లిమెంటరీకి చదువుకుందామని కూర్చునేసరికి ఆ పేపరు పేరు మారుతుంది, నంబరు మారుతుంది, కొన్నిసార్లు పేపరే ఉండదు. లేని పేపర్లో తప్పిన ఘనత ప్రపంచంలో మనవాళ్లకే దక్కింది.

ఇక ప్రాక్టికల్స్. లోలకంతో భూమ్యాకర్షణ విలువ కట్టే ప్రయోగం ఉందే, అది చాలా పాతదీ, చాలా అందమైనదీ. ఒక దారం, ఒక గుండు, ఒక స్టాప్‌వాచీ. దారం పొడవు మారుస్తూ ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో రాసుకుని లెక్క కడితే 980కి కాస్త అటో ఇటో రావాలి. చేత్తో చేసినవాడికి 962 వస్తుంది, 991 వస్తుంది. కిటికీలోంచి గాలి తోలుతుంది, బొటనవేలు కాస్త ఆలస్యంగా మీట నొక్కుతుంది, ఊపులు లెక్కపెడుతూ పక్కవాడితో మాట్లాడితే పంతొమ్మిదే అవుతాయి. ఆ తేడా ఎందుకొచ్చిందా అని తల గోక్కోవడం దగ్గరే ఫిజిక్సు మొదలవుతుంది. మన రికార్డుల్లో మాత్రం ఎవడికీ తేడా రాదు. పల్నాడులో భూమ్యాకర్షణ సీనియర్ రికార్డులో ఎంతుందో అంతే ఉంటుంది, ఏటేటా, దశాంశ స్థానాలతో సహా. న్యూటన్ గారు వచ్చి కాదన్నా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు ఒప్పుకోడు.

కెమిస్ట్రీలో సాల్ట్ అనాలిసిస్ చూడండి. పిడుగురాళ్ల నుంచి వచ్చిన పిల్లవాడి చేతిలో తెల్లటి పొడి పెట్టి ఇదేమిటో కనుక్కోమంటారు. వాళ్ల నాన్న పాతికేళ్లుగా సున్నపు బట్టీలో పని చేస్తున్నాడు. బట్టీ లోపల తొమ్మిది వందల డిగ్రీల వేడికి సున్నపురాయిలోంచి బొగ్గుపులుసు గాలి పోయి రాయి తేలికవుతుందని ఆయనకి చెయ్యే చెబుతుంది. కాలిన రాయి మీద నీళ్లు చల్లితే చిటపటలాడి, పొగలు కక్కి, బుస్సున పిండిగా విచ్చుకోవడం ఈ కుర్రాడు నడక రాకముందు నుంచీ చూస్తున్నాడు. ఇప్పుడు ప్రయోగశాలలో ఆమ్లం పోస్తే వచ్చే నురగ ఆ గాలిదేనని, మంటలో కనిపించే ఇటుక ఎరుపు ఆ కాల్షియందేనని ఒక్కరు, ఒక్కసారి, పక్కన నిలబడి చెబితే జన్మలో మరిచిపోడు. చెప్పేవాళ్లు లేరు. ఉన్నది అటెండరు. "ఏడో నంబరు సాల్టా? కాల్షియం కార్బొనేట్ రాసెయ్ నాన్నా, బయటికొచ్చాక కనపడు." అటెండరు గారి పరిచయ కోర్సు నాలుగు మాటల్లో అయిపోయింది. ఇన్నేళ్లుగా సిలబసు మారనిది ఆయనొక్కడికే.

ఇంతకంటే గొప్పది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మొదటి ఏడాది అయ్యాక విద్యార్థి 180 గంటలు ఒక ఊరిలో తిరిగి, ఇల్లిల్లూ సర్వే చేసి, అక్కడి సమస్యలేమిటో తెలుసుకుని, నివేదిక రాయాలి. కాగితం మీద చూస్తే కళ్లు చెమర్చే ఆలోచన. రాసినవాళ్లు నిజంగానే మంచివాళ్లయి ఉంటారు. వాళ్లకి తెలియనిదల్లా బస్టాండు పక్కన జిరాక్సు కొట్టు సంగతి. అక్కడ లాగ్‌బుక్కు, నివేదిక, ఫొటోలు, సర్పంచి గారి ముద్ర అన్నీ కలిపి ప్యాకేజీ. కొట్టు కుర్రాడు అడిగేది ఒకే ఒక ప్రశ్న:

"అన్నా, తాగునీళ్ల సమస్య పెట్టమంటావా, మరుగుదొడ్లు పెట్టమంటావా?"

"ఏదైతే ఏందిలే, తొందరగా అయ్యేది పెట్టు."

"తాగునీళ్లు రెడీగా ఉంది. ఊరి పేరు మార్చి ఇస్తా."

ఇలా కృష్ణ ఒడ్డునున్న దాచేపల్లి మండలానికీ, ఎండిన వాగులున్న బొల్లాపల్లి మండలానికీ ఒకే సమస్య, ఒకే శాతాలు, ఒకే పరిష్కారం. ఒక నివేదికలో ఊరి పేరు మార్చడం మరిచిపోయి పల్నాడులో కొబ్బరితోటల కూలీల ఇబ్బందులు కూడా వచ్చాయట. మార్కులు మాత్రం తగ్గలేదు. చదివితే కదా తగ్గడానికి. రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్పు, మూడో ఏట ఇంకో పెద్ద ఇంటర్న్‌షిప్పు, అంతా కలిపితే పది నెలలు. ఆ పది నెలలూ జిల్లాలో నిజంగా పని నేర్చుకున్నవాడు ఎవడన్నా ఉన్నాడంటే, అది ఆ జిరాక్సు కొట్టు కుర్రాడే. వాడికి పేజ్‌మేకింగ్ వచ్చు, వ్యాపారం వచ్చు, సామాజిక సర్వే పద్ధతులు కూడా వచ్చు. వాడు పదో తరగతి ఫెయిలు.

మరి తల్లిదండ్రులు ఊరుకుంటున్నారా అంటే, వాళ్లకి ముందే అన్నీ విడమరిచి చెప్పారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రానికి కాలేజీ పీఆర్వో గారు బండేసుకుని ఊళ్లోకి దిగుతాడు.

"ఏమ్మా, మీవాడు పాసయ్యాడంటగా. మా కాలేజీకి పెట్టండి. రూపాయి కట్టేది లేదు, ఫీజు గవర్నమెంటే ఇస్తది."

"బస్సు సౌకర్యం ఉందా బాబూ?"

"బస్సెందుకమ్మా? రావాల్సిన పనే లేదు. పరీక్షలప్పుడు మేమే ఫోన్ చేస్తాం."

2020 నుంచి అడ్మిషన్లు ఆన్‌లైను. అంటే వెబ్ ఆప్షన్లు పెట్టేది కూడా పీఆర్వో గారే. పిల్లవాడు తను ఏ మేజరులో చేరాడో తెలుసుకునేసరికి దసరా వస్తుంది. బీయస్సీ కంప్యూటర్స్ అనుకున్నది బీయస్సీ ఆక్వాకల్చర్ అయి ఉంటుంది. నాపరాళ్ల సీమలో రొయ్యల శాస్త్రం. చదవాల్సింది ఎలాగూ లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇన్ని పరిచయాలు చేయించిన మండలి వారు ఒక్క పనికి మాత్రం పరిచయం చేయించలేదు, ఇల్లు కట్టే పనికి. స్కిల్ కోర్సుల్లో సోలారుంది, పాడి ఉంది, కోళ్ల పెంపకం ఉంది, ఇన్సూరెన్సు అమ్మడం ఉంది. తాపీ లేదు. అది ఐటీఐ వాళ్ల సంగతి అంటారు. అక్కడ 'మేసన్, బిల్డింగ్ కన్‌స్ట్రక్టర్' అని ఏడాది కోర్సుంది, ప్లంబరు కోర్సుంది, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్లు. వాటిలో చేరతానన్న పిల్లవాడి పెళ్లి సంబంధం గురించి మేనత్త అప్పుడే ఏడుపు మొదలెడుతుంది. ఇంజనీరింగు కాలేజీల్లో సివిల్ బ్రాంచి సీట్లు తగ్గించి సీఎస్‌ఈ పెంచుకుంటున్నారు. ఇంకొన్నాళ్లకి బాత్రూములో కొళాయి కారుతుంటే యాప్ రాసేవాళ్లు పదిమంది వస్తారు, వాషరు మార్చేవాడు రాడు.

ఈ మాట అంటున్నది ఏ జిల్లాలో? 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ మాచర్లకి కూతవేటు. ప్రపంచంలోనే అతిపెద్ద రాతి డ్యామని పాఠ్యపుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న. రాతి డ్యామంటే ఏమిటో ఎవరూ చెప్పరు. కర్రల పరంజా మెట్ల మీద, ఆడా మగా వరసకట్టి, రాయీ తట్టా నెత్తిన మోసి, మేస్త్రీ చేతికందించి, వరస మీద వరస పేరిస్తే నూట ఇరవై నాలుగు మీటర్లు లేచింది. ఆ గోడలో లోలకం ఉంది, పీడనం ఉంది, రసాయనం ఉంది, సొసైటీ మీద పర్‌స్పెక్టివ్ కూడా ఉంది. ఒక యూనిట్‌కి సరిపోదు గాని, ఒక సెమిస్టరుకి సరిపోతుంది.

డ్యామ్ కింద మునిగిపోబోయే నాగార్జునకొండ లోయని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని విజయపురి సౌత్ దగ్గర అనుపులో తిరిగి నిలబెట్టారు. పదిహేడు వందల ఏళ్ల కిందటి విహారం, దాని పక్కన మెట్లు మెట్లుగా రంగస్థలం. నడిమధ్య నిలబడి ఒక చప్పట కొట్టి చూడండి, రెండో యూనిట్లోని 'ధ్వని తరంగాలు' మెట్టెక్కి మీ దగ్గరికే వస్తాయి. మన కాలేజీ పిల్లలు అనుపు వెళ్లరా అంటే, వెళతారు, రీల్సు చేసుకోడానికి. తరంగాల పాఠం ఆ రోజు కాలేజీలో జరుగుతోంది, అది కూడా రిజిస్టర్లోనే.

కోటప్పకొండ తిరునాళ్ల సంగతి సరేసరి. శివరాత్రికి ఒక్కో ఊరి నుంచి ఎనభై తొంభై అడుగుల ప్రభ లేపి, నాలుగు వైపులా మోకులు కట్టి, ఒరగకుండా పొలాల దారిన నడిపించుకొస్తారు. గరిమనాభి ఎక్కడుంటే ప్రభ నిలబడుతుందో ఊళ్లో పెద్దాయన కంటితో చూసి చెబుతాడు. గరిమనాభిని నిర్వచించమంటే ఆయన మనవడు పరీక్షలో రాస్తాడు. మోకు పట్టుకోమంటే మాత్రం వాడు వాట్సాప్ స్టేటస్ పెడుతుంటాడు.

ఇంటికి ముగ్గు పోసే మేస్త్రీని చూడండి. ఒక దారం మీద మూడడుగులు, ఇంకో దారం మీద నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టి, అడ్డంగా టేపు లాగుతాడు. సరిగ్గా ఐదు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు, లేకపోతే మేకు పీకి మళ్లీ కొడతాడు. నీళ్లు నింపిన పారదర్శక గొట్టం ఈ గోడకోచివర, ఆ గోడకోచివర పట్టి లెవెల్ చూస్తాడు. ఇలాంటి మేస్త్రీని సర్కారు వారు పట్టించుకోలేదనకూడదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని ముందే వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. ముప్పై ఏళ్లుగా గోడలు కట్టినవాడికి, నీకు గోడ కట్టడం వచ్చు అని కాగితం ఇస్తారు. మూడేళ్లలో ల్యాబు గడప తొక్కనివాడికి, నీకు సైన్సు వచ్చు అని ఇంకో కాగితం ఇస్తారు. రెండో కాగితం పట్టుకున్నవాడు ఎంపీడీవో ఆఫీసు ముందు నిలబడతాడు. మొదటి కాగితం పట్టుకున్నవాడు ఆ ఆఫీసుకి కొత్త గది కడుతుంటాడు. రోజుకూలీ లెక్కన ఎవరు గట్టివాళ్లో చెప్పడానికి ఎలిమెంటరీ స్టాటిస్టిక్స్ కోర్సు అక్కర్లేదు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. పిల్లలకి ఇక పరిచయాలు చాలు, సిలబసు కమిటీల పెద్దలకి ఒక పరిచయ కోర్సు పెడదాం. పేరు 'ఎసెన్షియల్స్ అండ్ అప్లికేషన్స్ ఆఫ్ పల్నాడు'. మొదటి యూనిట్ మే నెలలో, పిడుగురాళ్ల బట్టీ దగ్గర, మధ్యాహ్నం పన్నెండు నుంచి. ప్రశ్నలు అడగాలనుకుంటే బట్టీ మీద పనిచేసేవాళ్లని అడగొచ్చు, వాళ్లకి ఖాళీ ఉంటే చెబుతారు. రెండో యూనిట్లో లోలకం ఊపి లెక్క కట్టాలి. 980 వచ్చినవాళ్లందరినీ ఫెయిలు చేస్తాం. మూడో యూనిట్ కోటప్పకొండ, మోకు లాగుడు, చేతులకి బొబ్బలు రికార్డులో చూపించాలి. దుర్గిలో రాయి చెక్కేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవాలి, ఉలి ముట్టుకోకూడదు. కమ్యూనిటీ సర్వీసు బొల్లాపల్లి మండలంలో, 180 గంటలూ, ఆ ఊరి నీళ్లే తాగుతూ. జిరాక్సు కొట్టుకి ఆ నెల సెలవు. కంప్యూటరు యూనిట్ లేదు. వైవా మన అటెండరు గారు చేస్తారు, ఆయన లంచం పుచ్చుకోరు, ఎందుకంటే ఈ పరీక్షలో సాల్టు ఏమిటో ఆయనకీ చెప్పం.

హాజరు 75 శాతం తప్పనిసరి. పీఆర్వోలు రారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. పేట బస్టాండులో దిగాక ఎవరి ఆటో చార్జీలు వారివే.